తడవని లోతు

బెర్గెన్‌లో వాన వారానికి ఎనిమిది రోజులు కురుస్తుంది.
గొడుగులు తలుపు బయట వదిలి
పదిమందిమి సముద్రంలోకి దిగుతాం,
ఒంటికి ఒక్క చుక్క అంటకుండా.

ముందు జేబులు తడమాలి. అది నా పని.
లైటరు, వాచీ, చెవిలో పెట్టుకునే మిషను,
పెదాల పగుళ్లకి రాసుకున్న జిడ్డు కూడా తుడిచేయాల్సిందే.
నిప్పురవ్వకి చుట్టమైనదేదీ లోపలికి రాకూడదు.
నూలు బట్టల్లో ముసలాళ్లంతా ఒకే బడి పిల్లల్లా కూర్చుంటారు.
ఉక్కు తలుపు బిగిస్తాను.
ఆ చప్పుడు నాకు నా పెళ్లి గంటలకన్నా బాగా గుర్తు.

"మింగండి. ఆవలించండి. ముక్కు మూసి ఊదండి."
చెవిలో చిటుక్కుమంటే ఇంకాస్త దిగినట్టు.
గాలి వేడెక్కుతుంది, రొట్టెల పొయ్యి ముందు నిలబడ్డట్టు.
పది. పన్నెండు. పద్నాలుగు మీటర్లు.
అక్కడ ఆగుతాం.
తలలకి గాజుబుడగల్లాంటి ముసుగులు, మెడకి రబ్బరు పట్టీ,
గంటన్నరసేపు అచ్చమైన ఆక్సిజన్,
నడుమ నడుమ ఐదు నిమిషాలు మామూలు గాలి.
ప్రాణవాయువే అయినా
మోతాదు మించితే మూర్ఛ తెప్పిస్తుంది మరి.

మూడో కుర్చీ గుడ్‌వెయిగ్‌ది.
రేవులో నలభై ఏళ్లు ఎండుచేపకి రకం కట్టిన మనిషి.
వాసన చూసి, వేలితో మీటి, చెవి ఒగ్గి
ఇది మొదటి రకం, ఇది మూడు అని తేల్చేసేది.
తొమ్మిదేళ్ల కిందట నాలుక మొదట్లో లేచిన కణితిని
కిరణాలు కాల్చేశాయి. కణితి పోయింది.
కాలిన జాడ మాత్రం లోలోపల
నిదానంగా నడుస్తూనే ఉంది.
పోయినేడు పన్ను పీకిస్తే ఆ గుంట పూడలేదు.
దవడ ఎముక తెల్లగా
తలుపు సందులోంచి చూసే పొరుగింటివాడిలా తొంగిచూసింది.
రక్తం ఆ వీధికి రావడం ఎప్పుడో మానేసింది, అన్నాడు సర్జను.
దారులు వేయాలి. వెంట్రుకకన్నా సన్నవి.
వాటికి ఊపిరి కావాలి, ఒత్తిడి కావాలి,
మరో సోమవారం కావాలి.

నోరు రెండు వేళ్లకి మించి తెరుచుకోదు తనకి.
పలక మీద రాస్తుంది.
పంతొమ్మిదో రోజు రాసింది:
నీ ఎడమ చెయ్యి పైకి లేవదేం?

చెప్పాను.
ఉత్తర సముద్రం అడుగున చమురు గొట్టాలు అతికే రోజుల్లో
ఇలాంటి ఇనుప పీపాలోనే మూడేసి వారాలు బతికాం,
నూట యాభై మీటర్ల ఒత్తిడిలో.
జీతం బాగుండేది.
ఇరవై ఏళ్లు పోయాక భుజం కీలులో ఎముక చచ్చిందన్నారు.

ముసుగు లోపల నవ్విందనుకుంటాను, ఆవిరి పట్టింది.
పలక తిప్పింది:
నీ ఎముకని తిన్నవాడే నా ఎముకకి వైద్యుడన్నమాట.
కింద, చిన్న అక్షరాల్లో:
బేరంలో నువ్వే నష్టపోయావు.

ముప్పయ్యో దిగుడు దాటాక బస్సు నంబరు కనపడటం లేదంది.
అద్దాల్లేకుండా సూదిలో దారం మాత్రం ఎక్కుతోందట.
కొన్నాళ్లకి చూపు మళ్లీ మొదటికొస్తుందన్నాను.
తొందరేం లేదు, అని రాసింది.

పైకి వచ్చేటప్పుడు గాలి చల్లబడి
గదినిండా పొగమంచు కమ్ముతుంది.
ఒకరికొకరం కనపడం.
ఆ తెలుపులో ఎవరో ఒకరు దగ్గుతారు, రోజూ.

నలభయ్యో రోజు సర్జను బుల్లి అద్దం పెట్టి చూశాడు.
ఒక అంచున గులాబిరంగు.
ఒక అంచున ఇంకా సుద్దతెలుపు.
కోయాలా వద్దా, నెల పోయాక చూద్దామన్నాడు.

గుమ్మం దగ్గర గొడుగు వెతుక్కుంటూ ఆగింది.
చూపుడువేలితో తన దవడని మీటింది,
చేపని మీటినట్టే.
తల వంచి విన్నది.
"ఎండలేదు," అంది నోటితోనే, రెండు వేళ్ల సందులోంచి.
"ఇంకా పూర్తిగా ఎండలేదు."

రేవులో అయితే ఆ సరుకు వెనక్కి పంపేసేవాళ్లు.

నేను లోపలికెళ్లి మూడో కుర్చీ తుడిచాను.
రేపు ఉదయం ఎవరో కొత్తాయన,
చెవులు మూసుకుపోతాయేమోనని ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు.